ప్లానింగ్ చూపించమన్న పాపానికి

2003 ఏప్రిల్‌లో నన్ను రాజమండ్రి ప్రొబేషన్ ఆఫీసు నుంచి తీసి, ఏడాదిపాటు మూల్యాంకన విభాగానికి డిప్యుటేషన్ మీద వేశారు. ప్రొబేషన్ అధికారి అంటే ఏంటో మా బంధువుల్లోనే చాలామందికి తెలియదు. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలూ, చూసే దిక్కులేని పిల్లలూ కోర్టు ముందుకు వచ్చినప్పుడు వాళ్ల ఇంటి పరిస్థితులు విచారించి నివేదిక రాసేవాడు. ఇరవై రెండేళ్లు ఆ పనే చేశాను. కొత్త పనిలో నేను విచారించాల్సింది పిల్లల్ని కాదు, పిల్లల్ని చూసుకునే సంస్థల్ని.

ఇంట్లో తాగుడు గొడవల వల్ల, దెబ్బల వల్ల ఆశ్రయానికి చేరిన పిల్లల్ని తిరిగి ఇంటికి పంపేముందు, ఆ సంస్థవాళ్లు కుటుంబంతో కూర్చుని ఒక భద్రతా ప్రణాళిక తయారుచేయాలి. మళ్లీ గొడవ మొదలైతే పిల్ల ఎటు వెళ్లాలి, ఎవరు దగ్గర పెట్టుకోవాలి, ఎవరికి కబురు చేయాలి, ఎప్పుడు తిరిగి రావాలి, ఇవన్నీ అందులో ఉండాలి. దాన్ని ఎంత బాగా తయారుచేశారో కొలవడానికి మా దగ్గర ఇరవై ప్రశ్నల ఫారం ఉండేది. ప్రశ్నకో మార్కు. పద్నాలుగు వస్తే పిల్ల ఇంటికి వెళ్లొచ్చు. రాకపోతే మరో ఏడాది ఆశ్రయంలోనే.

ఫారం ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చేసే బాధ్యత నా మీద పడింది. పడింది అనడం అబద్ధం, నేనే చెయ్యెత్తాను. ‘కుటుంబ భద్రతా ప్రణాళిక’ అందామని ఒకాయన అంటే, అది మరీ గ్రాంథికంగా ఉంది, జనానికి అందదు అని లేచి నిలబడి మాట్లాడాను. నలుగురి నోళ్లలో నలిగే మాటే వాడాలన్నాను. ‘ప్లానింగ్’ అనే మాట తెలియని ఇల్లాలు ఉభయ గోదావరి జిల్లాల్లో ఒక్కరు కూడా లేరని గట్టిగా చెప్పాను. అది మాత్రం అక్షరాలా నిజం. ఫారం అంతటా ‘ఫ్యామిలీ సేఫ్టీ ప్లానింగ్’ అని తెలుగు అక్షరాల్లో వేయించాను. అందరూ బాగుందన్నారు. ఆ గదిలో ఉన్నవాళ్లమంతా మగవాళ్లమే. మా డిప్యూటీ డైరెక్టరు గారు ఆ రోజు హైదరాబాదులో మీటింగుకి వెళ్లారు. ఆవిడ ఉండుంటే నేను ఇప్పుడు ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మే రెండో వారంలో మండపేట దగ్గరున్న ఒక స్వచ్ఛంద సంస్థకు వెళ్లాను. కార్యదర్శి సుబ్బారాయుడు గారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన ఫైళ్లు పెళ్లి శుభలేఖల్లా ఉన్నాయి. ప్రతి కుటుంబానికీ నాలుగు పేజీల ప్లాను, చుట్టూ ఎర్ర సిరాతో అంచు. “ప్రమాదసూచన గోచరించిన తక్షణమే బాలిక పృష్ఠద్వారము గుండా నిష్క్రమించి సమీప దూరవాణి కేంద్రమునకు చేరవలెను” అని మొదలవుతుంది. మా ఫారం ప్రకారం కాగితం మీద చూస్తే దానికి పంతొమ్మిది మార్కులకు తక్కువ రావు. చిక్కల్లా ఏంటంటే, ఫైళ్లన్నిట్లో అదే ప్లాను. ఒకచోట పిల్లవాడి ఫైల్లో కూడా ‘బాలిక నిష్క్రమించి’ అనే ఉంది. ఇదేంటి మాస్టారూ అంటే, “మార్చడం మర్చిపోయానండి, భావం ముఖ్యం కదండీ” అన్నారు.

వాటిలో తొందరగా తేల్చాల్సిన ఫైలు ఒకటుంది. దుర్గ అనే ఎనిమిదేళ్ల పిల్లది. తండ్రి సత్తిబాబు లారీ డ్రైవరు. తాగనప్పుడు బంగారం లాంటి మనిషని అందరూ అన్నారు. అలా అనిపించుకున్న మనుషుల ఫైళ్లే నా సర్వీసులో ఎక్కువ చూశాను. తాగితే చేతికందిన సామానల్లా విసిరేవాడు. కిందటేడు విసిరిన చెంబు పిల్ల భుజానికి తగిలింది. తల్లి మంగ మర్నాడు పొద్దున్నే పిల్లను తనే తీసుకొచ్చి ఆశ్రయంలో అప్పజెప్పింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చి, కూతురికి తలదువ్వి జడ వేసి, వెళ్లేటప్పుడు “ఎప్పుడు పంపుతారండీ” అని అడిగి వెళ్లేదట. జూన్లో బడి తెరిచేలోపు నేను పద్నాలుగు వేస్తే దుర్గ ఇంటి దగ్గర మూడో తరగతిలో చేరుతుంది. లేకపోతే ఆ తల్లి ఇంకో ఏడాది అదే ప్రశ్న అడుగుతూ తిరగాలి. ఆ వారం దుర్గను మూడు రోజులు చూసి రమ్మని ఇంటికి పంపారు. అదే సమయానికి నేనూ వెళ్లి చూడాలని ఏర్పాటు.

మంగ దగ్గరకు వెళ్లేముందు, పోల్చి చూసుకోవడానికి పక్క పేటలో రెండిళ్లు తిరిగాను. మొదటి ఇంటావిడ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఫారం తీసి, మీ కుటుంబానికి ఫ్యామిలీ సేఫ్టీ ప్లానింగ్ ఉందా అమ్మా అని అడిగాను. తల దించుకుని “అయిందండి” అంది. ఎవరు చేశారన్నాను. పెద్దాసుపత్రి డాక్టరమ్మ గారంది. సంస్థవాళ్లు ఆస్పత్రిని కూడా కలుపుకున్నారన్నమాట అని ముచ్చటపడి, ‘ఇతర శాఖల సమన్వయం’ దగ్గర మార్కు వేశాను. ఇంట్లో అందరి సమ్మతితో జరిగిందా అంటే, “అత్తగారు వద్దన్నారండి, నేనే వెళ్లిపోయేను” అంది. ‘కుటుంబ భాగస్వామ్యం పాక్షికం’ అని రాసుకున్నాను. అమలులో ఇబ్బందులేమైనా ఎదురయ్యాయా అంటే, “వారం రోజులు నడుం నొప్పండి” అంది. ‘ప్రారంభ దశలో స్వల్ప ఇబ్బందులు’ అని రాశాను. మూణ్ణెల్లకోసారి మళ్లీ చేయించుకుంటున్నారా అని అడిగేసరికి ఆవిడ చేతిలో గిన్నె జారిపోయింది.

“మళ్లీనా! ఒకసారి చేస్తే చాలన్నారు కదండీ!”

చదివేవాళ్లకు ఈపాటికి సంగతి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. రెండో ఇంటావిడ ఏకంగా ఆస్పత్రివాళ్లిచ్చిన సర్టిఫికెట్టు ట్రంకు పెట్టెలోంచి తీసింది. దూరం నుంచే ఆకుపచ్చ సిరా సంతకం చూసి, ‘పత్రం చూడబడినది’ అని టిక్కు పెట్టుకుని బయటపడ్డాను. రెండిళ్లకీ పదిహేను దాటి మార్కులు వచ్చాయి. సుబ్బారాయుడు గారి సంస్థ ఇంత బాగా పనిచేస్తోందా అని ఆశ్చర్యపోయాను కూడా.

మంగ ఉండేది ఒక రైసుమిల్లు పక్కన, పనివాళ్ల గదుల వరసలో. ముందు మిల్లువాళ్ల పెద్ద కళ్లం, దాని నిండా దాళ్వా పంట ధాన్యం ఎండబోసి ఉంది. కళ్లం చివర లారీలు తూచే కాటా, దాని గది. మంగ గదికి ముందు తలుపు ఒకటే, వెనక మిల్లు గోడ. సుబ్బారాయుడు గారి పృష్ఠద్వారం కోసం వంగి వంగి చూశాను, లేదు. మధ్యాహ్నం మూడు గంటలు, ఎండ నిప్పులు చెరుగుతోంది. సత్తిబాబు లోడు మీద వెళ్లాడట. మంగ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. దుర్గ గుమ్మం పక్కన కూర్చుని పలక మీద ఏదో రాసుకుంటోంది.

మొదటి ప్రశ్న అడిగాను. “అయిందండి” అంది మంగ, గొంతు తగ్గించి. పిల్ల పుట్టిన వెంటనేనట. ఎనిమిదేళ్ల ముందుచూపు అనుకుని మార్కు వేశాను. అలా ఆరు ప్రశ్నలు సాఫీగా నడిచాయి. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం అధికారి స్వయంగా చూసి ధ్రువీకరించాలని ఉంది. ఆ నిబంధన విషయంలో నేను ఎవరి మాటా వినేవాణ్ణి కాదు. సుబ్బారాయుడు గారి కాగితం చూశాను, ఇప్పుడు ఇంట్లో ఉన్న కాపీ చూడాలి.

“ఏదమ్మా, ఒకసారి చూపించండి” అన్నాను.

“ఏంటండీ?”

“ప్లానింగేనమ్మా. చూడకుండా రాసుకుంటే నా ఉద్యోగం పోతుంది.”

మంగ కొంగు భుజాల నిండా కప్పుకుంది. “ఆయన ఇంట్లో లేరండి” అంది. నేను ధైర్యం చెబుతున్నాననుకుని, “ఆయన లేనప్పుడే మంచిదమ్మా. అసలు ఇది ఆయనకి తెలియకూడదు” అన్నాను. భద్రతా ప్రణాళిక ఎక్కడ దాచిందీ కొట్టే మనిషికి తెలియకూడదన్నది మా శిక్షణలో మొదటి పాఠం. పాఠం సరైనదే.

మంగ కూతురి వైపు చూసి గడ్డం కాస్త ఎత్తింది. దుర్గ లేచి, పలక చంకలో పెట్టుకుని, నా వంక చూడకుండా బయటికి నడిచింది. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే లేచి వెళ్లిపోయిందే, ఎంత బుద్ధిమంతురాలు అనుకున్నాను. అంతలో పక్క గదిలోంచి ఒక కేక లేచింది.

“ధాన్యం తడిసిపోతందర్రోయ్!”

గుమ్మంలోంచి తల బయటికి పెట్టి చూశాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఈ ఎండలో వాన ఎక్కడిదమ్మా అని అడగబోయాను. అడగలేదు. కళ్లంలోంచి ఆడవాళ్లు గుంపుగా పరిగెత్తుకొచ్చారు, ధాన్యం మీద కప్పే బరకం నలుగురు నాలుగు కొసలు పట్టుకుని. ఆ బరకం ధాన్యం మీద కాకుండా నా మీద పడింది. పడడం పడడం నన్ను చుట్టేశారు. బస్తా కుట్టే చేతులు కదా, చుట్టడంలో వాళ్లకు వంక పెట్టడానికి లేదు. చాపచుట్టలా నేలమీద పడి ఉన్నాను. కాళ్ల మీద ఎవరో కూర్చున్నారు, బరువైన మనిషే. లోపల ఊక వాసన, కటిక చీకటి. ఉద్యోగధర్మం చెడ్డది. కేక వినబడిన దగ్గర్నుంచి బరకం పడేవరకు రెండు నిమిషాలు కూడా పట్టలేదని ఆ స్థితిలోనే లెక్క కట్టాను. పన్నెండో ప్రశ్న, ‘సహాయం అందడానికి పట్టే సమయం’.

“ఎవడివిరా నువ్వు?” అని కాళ్ల మీది గొంతు అడిగింది. అది వీరమ్మ అనీ, కళ్లం ఆడవాళ్లకు పెద్ద అనీ తర్వాత తెలిసింది.

“ప్రొబేషన్ ఆఫీసర్నండి!” అని లోపల్నుంచి అరిచాను.

“ఏంటంటన్నాడు?”

“ఆపరేషన్ ఆఫీసరంట!”

“ఆపరేషన్ ఆఫీసరైతే మాత్రం, ఇంటికొచ్చి చూపించమంటాడేంటే!” అని వీరమ్మ ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

నేను ఎంత అరిచినా ఆ రెండు మాటలూ బరకం దాటేసరికి ఒకేలా వినబడుతున్నాయి. చివరికి కాటా గుమస్తా వెంకట్రావు గారు వచ్చారు. దుర్గ నేరుగా ఆయన దగ్గరకే వెళ్లిందట. పిల్లను కాటా గదిలో కూర్చోబెట్టి, లోపల గడియ వేసుకోమని చెప్పి మరీ వచ్చారు. కింద పడి ఉన్న నా ఫారం తీసి, కళ్లజోడు సర్దుకుని, మొదట్నుంచి చివరిదాకా చదివారు. అంతసేపూ నేను బరకంలోనే ఉన్నాను. చదవడంలో ఆయన ఏమాత్రం తొందరపడలేదు.

“వదలండమ్మా. ఈయన అడిగే ప్లానింగు అది కాదు. సత్తిబాబు తాగొస్తే పిల్లని ఏం చేస్తారని అడగతన్నాడు” అన్నారు.

ఆ మాటతో మొదలైన నవ్వు ఎంతకీ ఆగలేదు. మంగ గోడకు చేరబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నన్ను విప్పి, ఊక దులిపి, మజ్జిగిచ్చారు. వీరమ్మ మాత్రం నవ్వలేదు. “ఆ ముక్క అడగడానికి ఇంత తిరుగుడేంటండీ?” అంది.

పొద్దున్న నేను తిరిగిన రెండిళ్లూ అప్పుడు గుర్తొచ్చాయి. మళ్లీ చేయించుకోవాలా అని బెదిరిపోయిన ఆవిడ గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోయాను.

ఫారం మడిచి సంచీలో పెట్టి, మామూలు మాటల్లో అడిగాను. అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. చెంబు దెబ్బ తగిలిన వారమే వాళ్లంతా కూర్చుని ఇది అనుకున్నారు. సత్తిబాబు అడుగులు తేడాగా ఉంటే మంగ గడ్డం ఎత్తుతుంది. దుర్గ లేచి, దారిలో వీరమ్మకు కనబడి, కాటా గదికి పోతుంది. ఆ ముక్క మంగ ఆదివారాలు జడ వేస్తూ పిల్లకు నేర్పిపెట్టింది. వీరమ్మ కేకేస్తుంది. ఆ కేక వింటే కళ్లంలో ఎవరు ఏ పనిలో ఉన్నా కాళ్లు వాటంతటవే పరిగెడతాయి, ఏళ్ల తరబడి అలవాటు. గొడవకి రమ్మంటే ఇరుగుపొరుగు ఆలోచిస్తారు గానీ ధాన్యం తడుస్తోందంటే ఆలోచించరని వీరమ్మ చెప్పింది. పిల్ల ఆశ్రయంలో ఉన్న ఏడాదిలో మంగ కోసం నాలుగుసార్లు అలా వచ్చారట. సత్తిబాబు కూడా ఒకప్పుడు ఆ మిల్లులో బస్తాలు మోసినవాడే. మొదటిసారి ఆ కేక వినగానే, విసరబోతున్న పళ్లెం అక్కడే పారేసి, అందరికంటే ముందు తనే కళ్లంలోకి పరిగెత్తాడట. బరకం కొస పట్టుకుని నిలబడ్డాక, వాన లేదేంటా అని ఆకాశం వంక చూస్తూ ఉండిపోయాడట.

మరి నిజంగా వానొస్తే ఎలాగ, ఆ కేకా ఈ కేకా ఒకటైపోవా అని అడిగాను. అది మా పదహారో ప్రశ్న, ‘సంకేతంలో స్పష్టత’.

“వానైతే ‘వాన’ అంటామండి. మనిషైతే ‘ధాన్యం’ అంటాం” అంది వీరమ్మ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

ఫారం మళ్లీ తీసి, గుమ్మంలోనే కూర్చుని మొదట్నుంచీ కొత్తగా మార్కులు వేశాను. పద్దెనిమిది వచ్చాయి. కాగితం లేదు కాబట్టి ఒకటి పోయింది. ‘సంబంధం లేని వ్యక్తులకు హాని కలగకుండా తీసుకున్న జాగ్రత్తలు’ అనే పదిహేడో ప్రశ్నకు నిష్పక్షపాతంగా సున్నా వేశాను. తిరిగి వెళ్తుంటే మంగ వెంట వచ్చి, “నా వల్ల మీకిలా అయింది. దుర్గని ఆపేస్తారాండీ?” అంది. అప్పటిదాకా నవ్విన మనిషి కళ్లనిండా నీళ్లు. నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆపనని చెప్పే అధికారం నాకు లేదు.

ఎందుకంటే నిబంధనల్లో ఇంకో మెలిక ఉంది. రాతపూర్వకంగా లేని ప్లానును అధికారి కళ్లారా చూసి, ఎలా చూశాడో వివరంగా రాస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. లేకపోతే మొత్తం సున్నా. సుబ్బారాయుడు గారికి ఈ సంగతి తెలిసి దారి చూపించారు. “నా ప్లాను ఉంది కదండీ, దానికే మార్కులెయ్యండి. పిల్ల ఇంటికెళ్తుంది, మీ బరకం సంగతి బయటికి రాదు” అన్నారు. నిజం చెప్పాలంటే ఒక రోజంతా ఊగిసలాడాను. కానీ లేని తలుపులోంచి పిల్లను బయటికి పంపే కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. రేపు ఎవరైనా ఆ కాగితమే నమ్ముకుని, వీరమ్మను తప్పించి, దుర్గను టెలిఫోను బూత్ వెతుక్కోమంటే? కూర్చుని జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాశాను. ‘సదరు అధికారిని బరకమునందు చుట్టి నేలపై ఉంచడమైనది’ అని రాసేటప్పుడు మాత్రం, సుబ్బారాయుడు గారి గ్రాంథికం ఎందుకు పనికొస్తుందో తెలిసింది.

మా డిప్యూటీ డైరెక్టరు గారు చాలా గంభీరమైన మనిషి. రెండు జిల్లాల అధికారుల సమీక్షలో ఆవిడ నా నివేదిక చేతిలోకి తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. మొదటి పేజీ చివర గొంతు మారింది. రెండో పేజీలో ‘ఆపరేషన్ ఆఫీసరు’ దగ్గర కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గదంతా ఘొల్లుమంది. నేను బల్ల మీది పేపర్ వెయిటు తిప్పుతూ కూర్చున్నాను.

“పదిహేడో ప్రశ్నకి సున్నా ఎందుకేశారు?” అని అడిగారు, కళ్లు తుడుచుకుంటూ.

“కలిగిందండి, హాని” అన్నాను.

సంతకం పెట్టారు. వాళ్ల ప్లానును వాళ్ల మాటల్లోనే రాయించి, వీరమ్మ చేతా వెంకట్రావు గారి చేతా సంతకాలు తీసుకోమన్నారు. బడి తెరవడానికి మూడు రోజుల ముందు దుర్గ ఇంటికి వెళ్లింది. నాకు చాలా సంతోషం వేసింది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా శాఖలో నన్ను వెనకాల ‘బరకం గారు’ అనేవారు. కొత్తగా చేరినవాళ్లు అది ఇంటిపేరనుకుని దరఖాస్తుల మీద కూడా రాశారు.

ఫారం నుంచి ‘ప్లానింగ్’ అనే మాట కొట్టేశాం. దాని బదులు, ‘ఇంట్లో గొడవైతే ముందు ఎవరొస్తారు?’ అని పెట్టాం. డిప్యూటీ డైరెక్టరు గారు స్వయంగా రాసిన ప్రశ్న అది. దాంతో రెండు జిల్లాలూ మళ్లీ తిరిగాను. పాలకొల్లు వైపు ఒక ఇంట్లో ఆ ప్రశ్న అడిగితే, ఆవిడ చాలాసేపు ఆలోచించి “ఎవరూ రారండి” అంది. ఆ ఇంటి ఫైలుకు పాత ఫారంలో పదిహేడు మార్కులున్నాయి. ఆ పిల్లల్ని ఆ నెల పంపలేదు. వచ్చే మనుషుల్ని వెతికి పెట్టడానికి సంస్థకు మూణ్ణెల్లు పట్టింది. వెతికాకే పంపారు.

మండపేటకు తనిఖీకి ఆ డిసెంబరులో వెళ్లాను. సత్తిబాబు తాగుడు మానలేదు. ప్రణాళిక వాడారా అంటే, రెండుసార్లు వాడామంది మంగ. పిల్లకు దెబ్బ తగిలిందా అని అడిగాను. లేదంది. దుర్గ భుజాలు, చేతులు చూసి, ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ప్రశ్నల ఫారంలో ఆ ప్రశ్న లేదు. అంచున ఖాళీ ఉన్నచోట నేను రాసుకున్నదే. కొలవాల్సింది అదేనని తెలియడానికి నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు, ఒక బరకం కావాల్సి వచ్చాయి.